ఆరని గోడకు జేజేలు!

విదేశాలకెళ్ళి ఊరికే సేవ చేసొచ్చే వాలంటీర్ల వల్ల ఎవరికీ ఉపయోగం లేదనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది! ఎవరికీ లేకపోవడమేమిటండీ? నాకు ఉంది కదా! మొన్న సెలవుల్లో సొంత ఖర్చుతో విమానమెక్కి, పరాయి దేశంలో ఓ బడికి రంగు వేసి వచ్చిన మనిషిని. అప్పటినుంచి ఆఫీసులో నేను నోరు తెరిస్తే చాలు, అందరూ లేచి వెళ్ళిపోతున్నారు. గౌరవమంటే అదీ!

బ్రష్షు ఎలా పట్టుకోవాలో నాకు తెలియదు. తెలియాలని ఎవరన్నారు? కూలికొచ్చే పెయింటరుకైతే పని రావాలి. ఊరికే చేసేవాడికి మంచి మనసుంటే చాలదూ? ఆ మనసుతోనే గోడకూ, కిటికీ అద్దాలకూ, చివరికి బ్లాక్‌బోర్డుకూ పసుపు రంగు కొట్టేశాను.

మేమేమో బోలెడుమంది, గదేమో ఒక్కటే. అందుకని వంతులు వేసుకున్నాం. కొందరు రంగు వేశారు, కొందరు ఫొటోలు తీశారు, మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. పిల్లలంతా బయట ఎండలో కూర్చుని మా త్యాగాన్ని కళ్ళారా చూశారు.

ఆ బడి హెడ్మాస్టరు మాత్రం ఒకటే నస! దుబాసీ చెప్పిన ప్రకారం ఆయన గోడు ఇది: "బాబూ, పోయిన వారం వచ్చినవాళ్ళు నీలం వేశారు. అంతకుముందు వాళ్ళు ఆకుపచ్చ వేశారు. గోడ ఆరితేగా పిల్లల్ని లోపల కూర్చోబెట్టేది? మీకు పుణ్యముంటుంది, ఈసారికి వదిలేయండి."

పూత మీద పూత పడి గోడలు లావెక్కాయట, గది ఓ బెంచీ మేర చిక్కిపోయిందట! అయితే ఏమిటి? పైసా ఖర్చు లేకుండా గోడ బలపడుతుంటే ఏడుపెందుకో!

ఇంటికి వస్తే మా ఆవిడ గుమ్మంలోనే అందుకుంది. "ఊళ్ళోవాళ్ళ గోడలు సరే, మన వంటగది గోడ పెచ్చులూడిపోతోంది, కనపడట్లేదా?"

పిచ్చి మాలోకం! సొంతింట్లో చేస్తే దాన్ని చాకిరీ అంటారు గానీ సేవ అంటారా? పైగా చప్పట్లెవరు కొడతారు, అత్తగారా?

ఇంతలో ఇంకో గొడవ. నాలుగో తరగతి చదివే మా అమ్మాయికి భాగహారం రాదని బయటపడింది! "బళ్ళో ఏం వెలగబెడుతున్నావే?" అని గద్దించాను.

"క్లాసే జరగట్లేదు నాన్నా. గోడ తడిగా ఉంది."

పిల్లను రెక్క పట్టుకుని బడికి పరిగెత్తాను. చూద్దును కదా, ఎక్కడి దేశం వాళ్ళో, బోలెడుమంది! ఎంతో మంచి మనుషులు. తరగతి గదికి గులాబీ రంగు వేస్తున్నారు. మా అమ్మాయి పాఠాల పుస్తకం పరిచి, దాని మీద రంగు డబ్బా పెట్టారు.

"మా పిల్ల చదువు అటకెక్కింది, వెళ్ళండి బాబూ!" అని అరిచాను. వాళ్ళకు నా భాష రాదుగా, ఆనందబాష్పాలు రాల్చారు. ఒకావిడ నన్ను కావలించుకుని, తన ఫోను నా చేతికిచ్చింది, ఫొటో తీయమని. ఏం చేయను? తీశాను.

మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని గుంజింది. "నాన్నా, రంగెయ్యడానికి ఇంతమంది వచ్చారు కదా, లెక్కలు చెప్పడానికి ఒక్కరూ రారా?"

"లెక్కలు చెబుతుంటే ఫొటో బాగా రాదమ్మా" అన్నాను.