బండి తాగితే తప్పేంటి?

ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కువ గ్యాస్ తాగుతోందని గుండెలు బాదుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. పొదుపుగా నడిచే బండి వల్ల ఎవరికి లాభం చెప్పండి? దాని మొహం కూడా ఎవరూ చూడరు. అదే తాగుబోతు బండైతే పదిమందికి చేతినిండా పని, నోటినిండా మాట!

నమ్మరా? అయితే ఒక గోడౌన్‌లో బావమరిదిగారికి ఏమైందో వినండి.

ఆయన ఉద్యోగం మేనేజరు. కానీ యజమాని భార్యకి స్వయానా తమ్ముడు కాబట్టి, వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ బావమరిదిగారనే అనేవారు. ఆ గోడౌన్‌కి ఉన్నది ఒకటే ఫోర్క్‌లిఫ్ట్. ముందు పెట్టెలు, వెనక ప్రొపేన్ సిలిండరు మోసుకుంటూ పొద్దస్తమానం తిరిగేది. సాయంత్రం దాకా వచ్చే సిలిండరు ఉన్నట్టుండి మధ్యాహ్నానికే చేతులెత్తేయడం మొదలుపెట్టింది.

"డ్రైవరే దొంగ," అని తేల్చేశాడు బావ, అంటే యజమాని. "గ్యాస్ ఇంటికి పట్టుకెళ్ళి వండుకుంటున్నాడు. పంపించెయ్."

"ఆ సిలిండరు ఇంటి పొయ్యికి పట్టదు బావా."

"పట్టేట్టు చేసుకునుంటాడు. దొంగకి తెలివెక్కువ!"

చూశారా బండి మహిమ? జీతం పెంచమన్నప్పుడు ఆ డ్రైవరులో కనబడని తెలివి, ఇప్పుడు ఇట్టే కనబడింది!

డ్రైవరు మీసాలాయన లబోదిబోమన్నాడు. "మా ఆవిడ నిలదీస్తోంది సార్! గ్యాస్ ఎత్తుకొస్తున్నారట, మనింటికి రావట్లేదు, మరి ఎవరింటికి పోతోంది అంటోంది!"

ఒక్క బండి ఇన్ని సంసారాల్ని కదిలించగలదా? అటు బావగారింట్లో కూడా పొద్దున్నా రాత్రీ గ్యాస్ గోలే. అక్క అది కడుపులో గ్యాస్ అనుకుని, భర్తకీ తమ్ముడికీ చెరో గ్లాసుడు కషాయం తాగించింది. బావమరిదిగారు నోరెత్తకుండా తాగేశారు. ఆ ఇంట్లో ఆయనకది అలవాటే.

మీసాలాయన దొంగ కాడని ఆయనకి తెలుసు. ఆ మాట బావ మొహం మీద అనాలంటే చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి కదా? మెకానిక్‌ని పిలిపించారు. అతను దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. గొట్టాలకి సబ్బునీళ్ళు రాసి చూశాడు, ఒక్క బుడగా రాలేదు. ప్లగ్గులు మార్చాడు, రెగ్యులేటరు సరిచేశాడు. "పెళ్ళికొడుకులా ఉంది సార్ బండి," అని చేతులు తుడుచుకున్నాడు.

పెళ్ళికొడుకు ఎప్పటిలాగే మధ్యాహ్నానికి సిలిండరు ఖాళీ చేశాడు.

ఇక లాభం లేదని బావమరిదిగారు తనే బండి వెనకాల నడిచారు. లారీ దగ్గర పెట్టెలెత్తుకున్న బండి తిన్నగా ఎదురుగా ఉన్న అరల దగ్గరికి పోవాలి. పోలేదు. నడిమధ్యనున్న అద్దాల గది చుట్టూ తిరిగింది. మూల మలుపులో ఇరుక్కుంది, వెనక్కొచ్చింది, రొప్పుతూ మళ్ళీ ముందుకెళ్ళింది. వచ్చేటప్పుడూ అదే తంతు.

ఆ గది బావది. దుబారా మీద కన్నేసి ఉంచాలని ఈమధ్యే నడిదారిలో కట్టించుకున్నాడు!

బావమరిదిగారికి కాళ్ళు పీకుతున్నాయి. చెబితే తన ఉద్యోగం, చెప్పకపోతే మీసాలాయన ఉద్యోగం. తలుపు తోసుకుని లోపలికెళ్ళారు.

"బావా, గ్యాస్ ఎవరు తాగుతున్నారో తెలిసింది."

"ఎవర్రా వాడు?"

"నీ గది."

బావ అద్దంలోంచి చూశాడు. మూల దగ్గర బండి ముందుకీ వెనక్కీ ఊగిసలాడుతోంది, మీసాలాయన చెమట తుడుచుకుంటున్నాడు.

"వాణ్ణి ఉండనియ్," అన్నాడు చివరికి. "దారి సంగతి నేను చూస్తా."

బావమరిదిగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజు అక్క ఇచ్చిన కషాయం కూడా తియ్యగానే ఉందట.

మర్నాడు తాపీవాళ్ళు వచ్చారు. గది మొత్తం తీసేస్తారని అందరూ పనులాపి మరీ చూశారు. వాళ్ళు ఎదురెదురుగా ఉన్న రెండు గోడలు మాత్రం తీసేసి వెళ్ళిపోయారు.

ఇప్పుడు బండి గదిలోంచే పోతుంది. హారన్ వినబడగానే బావ బల్ల మీది కాగితాలు అరచేత్తో అదిమిపట్టి, కాళ్ళు రెండూ పైకెత్తుతాడు. మీసాలాయన "నమస్తే సార్" అంటూ దాటిపోతాడు. సిలిండరు మళ్ళీ సాయంత్రం దాకా వస్తోంది.

కాబట్టి పైనున్నవాళ్ళు మనకి దారివ్వరని ఆడిపోసుకోకండి. ఇస్తారు, కాళ్ళెత్తి మరీ ఇస్తారు! కుర్చీ జరపమంటేనే కాస్త చిక్కు.