గునుగు పూలకు బంగారు పొడి

సద్దుల బతుకమ్మ నాటి ఉదయం వరంగల్ సుబేదారిలో వినోద వేసుకున్న పథకం చిన్నదే. పాలిమర్ క్లేతో తామరపూల కమ్మలు చేసి, పళ్ళెంలో పరిచి గుడ్డ కప్పింది. ఆ పచ్చి ముద్ద మీద బంగారు రంగు పొడి అద్ది, ఓవెన్‌లో కాల్చి, సాయంత్రంలోగా కాలనీ ఆడవాళ్ళకు అందించాలి. నగల దుకాణాలు వెలవెలబోతాయని అందరి ముందూ గొప్పగా చెప్పింది కూడా. తన చేతి మీద ఆమెకు అంత ధీమా. ఈ పనిని పిల్లల మట్టి ఆటగా చూసే అత్త మొగిలమ్మ చేత ఔననిపించాలని పట్టుదల.

వినోద బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కింది. కింద మొగిలమ్మ బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగులు అద్దుతోంది. పసుపు రంగు అయిపోయింది. కోడలి బల్ల మీద బంగారు పొడి డబ్బా కనిపించింది. పొడిని వేడినీళ్ళలో వేస్తే కరగకుండా పైన తేలింది. తప్పు నీళ్ళదేనని తీర్మానించి, మిగిలిందంతా పూల మీద చల్లి, తొందరగా ఆరాలని ఫ్యాను పెద్దగా పెట్టింది.

పొడి గుప్పున లేచింది. సరిగ్గా అప్పుడే ఆమె కొడుకు చంద్రమౌళి తలస్నానం చేసి గదిలోకి వచ్చాడు. లేచిన పొడిలో చాలావరకు అతని తడి బట్టతల మీద స్థిరపడింది.

వినోద దిగి వచ్చేసరికి డబ్బా ఖాళీ.

"అత్తమ్మా, గది పూలకేసే రంగు గాదు."

"రంగు రంగే గదనె. జర అంటుకుంటలేదు, గంతే," అంది మొగిలమ్మ.

వినోదకు ఏడుపొచ్చింది. ఆ పొడి మళ్ళీ తెప్పించేసరికి పండగే అయిపోతుంది. కాలనీలో తలెత్తుకునేదెలా? అంతలో భర్త తల కనిపించింది.

"మీరు జర కదలకుండ కూసోండ్రి," అంది.

పచ్చి క్లేకు పొడి ఇట్టే అంటుకుంటుంది. ఒక్కో కమ్మనూ భర్త నెత్తి మీద ఒత్తి తీసింది. ఆఫీసు నుంచి ఫోనొస్తే చంద్రమౌళి, తల ఖాళీ లేదు, ఆలస్యమవుతుందన్నాడు. కిటికీలోంచి చూసిన పక్కింటి అనూష అది జుట్టు మొలిపించే వైద్యమనుకుని ఇంటింటికీ చెప్పింది. కమ్మల కోసం వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు అతని తల పరిశీలించి, తన భర్తకూ కుదురుతుందా అని అడిగింది.

సాయంత్రం మైదానంలో బతుకమ్మల చుట్టూ తిరుగుతున్న చెవులన్నీ ధగధగలాడాయి. పక్క కాలనీ వాళ్ళు ఎక్కడ కొన్నారని ఆరా తీస్తుంటే వినోదకు ఒళ్ళంతా గర్వం. చూపు మాత్రం అత్త మీదే ఉంది. మొగిలమ్మ చప్పట్లు ఆపి, అందరికీ వినపడేలా చెప్పింది.

"కొన్నయి గావు, మా కోడలు చేసింది. గిసొంటి పనిమంతురాలు వరంగల్ల లేదు. గా మెరుపంత మా కొడుకు నెత్తి మీదికెల్లి తీసింది."

పాట ఆగింది. చేతులన్నీ చెవుల దగ్గరికి వెళ్ళాయి. కమ్మలు మాత్రం ఎవరూ తీయలేదు.