నడినెత్తిన హద్దు తగాదా

సంసారాలు చల్లగా ఉండాలంటే మగవాళ్లకు జుట్టు ఊడిపోవాలి!

తొందరపడి పేపరు మడిచేయకండి. నేను పూర్తి స్పృహలో ఉండే ఈ మాట రాస్తున్నాను. పెళ్లయి పదేళ్లు దాటిన ప్రతి మగవాడికీ నడినెత్తిన కనీసం అరచేతి మేర ఖాళీ ఉండాలని చట్టం చేయాలంటాను. ఖాళీ లేని దురదృష్టవంతులకు ప్రభుత్వమే పూనుకుని ఏదో ఒక ఏర్పాటు చేయాలి.

అసలు బట్టతలంటే మనకింత చిన్నచూపెందుకు? పొట్ట పెరిగితే ఒళ్లు చేశాడని మురిసిపోతాం. నుదురు పెరిగితే మాత్రం అయ్యో పాపం అంటాం. పెరగడం పెరగడమే కదా!

రుజువు కావాలంటారా? మా కింది వాటాలో ఉండే సర్వేయరు సంగతి వినండి.

ఆయన పని హద్దులు కొలవడం. ఎవరి గోడ ఎవరి స్థలంలోకి ఎన్ని అంగుళాలు జరిగిందో తేల్చడం. ఆయన టేపు పట్టుకుని నిలబడితే, అప్పటిదాకా అరుచుకుంటున్న అన్నదమ్ములు కూడా నోరు మూసుకుంటారు. అంతటి మనిషి, తన సొంత నెత్తి మీద జరుగుతున్న ఆక్రమణను మాత్రం ఆరేళ్లు గమనించలేకపోయాడు. తప్పు ఆయనది కాదు లెండి. ఎవరి నడినెత్తి వాళ్లకు కనపడుతుంది గనక?

దాన్ని కనిపెట్టింది ఆఫీసు మెషీన్. హాజరు కోసం ముఖం గుర్తుపట్టే మెషీన్ ఒకటి కొత్తగా పెట్టారు. అందరినీ ఇట్టే గుర్తుపట్టిన మెషీన్, ఈయన ముఖం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోలేక, కొంచెం వెనక్కి జరగమంది. జరిగాడు. ఇంకొంచెం జరగమంది. జరిగాడు. వీపుకు గోడ తగిలినా ఇంకా జరగమనే అంటోంది. ఆ రోజు ఆయనకు సగం పూట సెలవు పడింది.

సాయంత్రానికల్లా ఈ వార్త బంధువులందరికీ పాకింది. ముందు బావమరిది దిగాడు, చేతిలో నురగ మందు డబ్బాతో. నొక్కితే బుస్సుమని తెల్లగా పొంగుతుంది. జిడ్డుండదు, ఇట్టే ఆరిపోతుంది, దీన్ని మించింది లేదని అతని వాదన. అతను టీ తాగేలోపే సర్వేయరు గారి అక్క దిగింది, చుక్కల మందు సీసాతో. డ్రాపరుతో లెక్కగా వేసుకోవచ్చని, నురగలో ఉండేదంతా గాలేనని ఆవిడ తీర్పు. ఆవిడ భర్తకు ఇదే వాడితే దట్టంగా మొలిచిందట. ఆయన ఎప్పుడూ టోపీ తీయడు కాబట్టి ఆ సాక్ష్యం మనం నమ్మి తీరాల్సిందే.

మాటా మాటా పెరిగి ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చారు. జుట్టు లేకపోవడం గురించి ఇంత దట్టంగా పోట్లాడుకున్నవాళ్లను నేనింతవరకు చూడలేదు.

పోనీ, నిజమేదో ఇంటర్నెట్టే చెబుతుందని సర్వేయరు రివ్యూలు చదివాడు. నురగకు ఒకాయన అయిదు స్టార్లు ఇచ్చి, ప్యాకింగ్ బాగుందని రాశాడు. చుక్కల మందుకు ఒక ఇల్లాలు ఒకే ఒక్క స్టార్ ఇచ్చి, మా ఆయన నెత్తిన ఏమీ రాలేదు గానీ దిండు మెత్తబడిందని రాసింది. మూడు రోజులు వాడాను, ఫలితం సున్నా అని ఇంకొకాయన బావురుమన్నాడు. మూడు రోజుల్లో జుట్టు కాదు కదా, కొత్తిమీర కూడా మొలవదు!

చివరికి భార్యాభర్తలిద్దరూ స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరమ్మ సర్వేయరు తలను లైటు కింద తిప్పి తిప్పి చూసి, రెండిట్లోనూ ఉన్న మందు ఒకటేనని చెప్పింది. ఒకటి నీళ్లలా ఉంటుంది, ఇంకోటి నురగలా ఉంటుంది, అంతే తేడా. నీళ్లలాంటిది కొందరికి దురద పెడుతుంది. మొదట్లో కొన్ని వారాలు ఇంకాస్త రాలినా కంగారు పడొద్దు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, కనీసం నాలుగు నెలలు రాయాలి. మొలిచాక మానేస్తే మాత్రం మొలిచింది కూడా పోతుంది. ఈ చివరి ముక్కను ఆ గదిలో ఒక్కరే చెవికెక్కించుకున్నారు. ఆ ఒక్కరు సర్వేయరు మాత్రం కాదు.

మందు ఒకటే అయినప్పుడు ఇంకా పోటీ ఏమిటని మీరడగొచ్చు. డాక్టరమ్మ కూడా అదే అడిగింది. కానీ తగాదా లేని హద్దును సర్వేయరు జీవితంలో చూడలేదు. ఇంటికొచ్చి నెత్తిని రెండు వాటాలు చేశాడు. ఎడమ వాటా నురగకు, కుడి వాటా చుక్కలకు. ట్రేసింగ్ పేపరు మీద తన తలకు పటం గీశాడు. ముక్కు ఎటుందో చూపిస్తూ పైకి ఒక బాణం గుర్తు కూడా వేశాడు. నాలుగు నెలల తర్వాత అక్కనూ బావమరిదినీ ఎదురుగా కూర్చోబెట్టి, భూతద్దంతో లెక్క పెట్టి, ఎవరిది గెలుపో ప్రకటిస్తానన్నాడు.

ఇక ఆయన భార్య గురించి చెప్పాలి. ఆవిడ టైలరు. ముందు గదిలోనే మిషను. పొద్దున లేచింది మొదలు ఆవిడ పెదవుల మధ్య అయిదారు గుండుసూదులు ఉంటాయి. గుండుకూ గుండుసూదికీ సంబంధం ఉందని ఆ ఇంట్లోనే మొదటిసారి తెలిసొచ్చింది నాకు.

మొదటి రోజు సాయంత్రం సర్వేయరు తన మందు తానే రాసుకోబోయాడు. చుక్కలు నుదుటి మీదుగా కంట్లోకి జారాయి. నురగ చెవిలోకి వెళ్లింది. దాంతో పొద్దుటి డ్యూటీ అద్దం ముందు ఆయనకు, సాయంత్రం డ్యూటీ ఆవిడకు పడ్డాయి. ఆవిడ ఆయన్ని మిషను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, బట్టల మీద గీతలు గీసే చాక్ ముక్కతో నెత్తి మధ్యన హద్దు గీసింది. పటాన్ని వెనక గోడకు గుండుసూదులతో గుచ్చింది.

అసలు కథ ఇక్కడ మొదలైంది.

పద్నాలుగేళ్ల సంసారం వాళ్లది. ఆ ఇంట్లో జుట్టు కన్నా ముందే మాటలు పలచబడ్డాయి. గ్యాస్ అయిపోయిందంటే సరే అనడం, మోటారు వేశారా అంటే వేశానని చెప్పడం. అంతకు మించి ఆయన మాట్లాడాలంటే చేతిలో ఫోను. ఆవిడ మాట్లాడాలంటే నోట్లో సూదులు. పోట్లాట ఉందా అంటే అదీ లేదు. పోట్లాడాలన్నా నోరు ఖాళీ ఉండాలి కదా!

స్టూలు మీద మాత్రం అలా కుదరలేదు. ఫోను చూస్తూ తల వంచితే మొదటి రోజే స్క్రీను మీద మందు చుక్క పడి మచ్చ కట్టింది. దాంతో ఫోను అలమారెక్కింది. ఇక ఆవిడ సూదులా? నోటికి సరిగ్గా కింద భర్త నెత్తి. ఒక్కటి జారినా నేరుగా దిగేది ఎక్కడో చెప్పనక్కర్లేదు. కాబట్టి అవీ వాటి దిండులోకి వెళ్లాయి. అలా పద్నాలుగేళ్ల తర్వాత ఇద్దరూ ఆయుధాలు కింద పెట్టారు, రోజుకు పది నిమిషాలు.

మొదటి వారం తల ఎత్తకండి, దురదగా ఉందా అనే మాటలే నడిచాయి. రెండో వారం ఆయన ఒక కుక్క కథ చెప్పాడు. ఇద్దరు పాలివాళ్ల మధ్య గోడ కొలవడానికి వెళితే కుక్క తరిమింది. ఆయన ఆ గోడే ఎక్కి కూర్చున్నాడు. పదేళ్లుగా మాటల్లేని ఆ ఇద్దరూ కలిసి నిచ్చెన తెచ్చి దింపారు. ఆవిడ నవ్వి నవ్వి నురగంతా ఆయన మెడ మీద పూసింది. అది జరిగి మూడేళ్లయిందట! మూడేళ్లు ఆ కథ ఆయన కడుపులో ఎలా దాచుకున్నాడో!

మూడో వారం ఆవిడ తన చిన్నప్పటి సంగతి చెప్పింది. పెద్దయ్యాక లారీ డ్రైవరు కావాలనుకుందట. మిషను తొక్కడం నేర్చుకున్నది కూడా, కాళ్లకు అలవాటవుతుందనే! మర్నాడు ఆఫీసులో కొలతలు రాస్తూ సర్వేయరు పదే పదే దాని గురించే ఆలోచించాడు. తన ఇంట్లో పద్నాలుగేళ్లుగా ఒక లారీ డ్రైవరు ఉంటే తనకు తెలియకపోవడమేమిటి?

అప్పటి నుంచి సాయంత్రం అయిదయితే చాలు, ఆయన టేపు చుట్టేసేవాడు. ఎవరి హద్దు ఎటు పోతే ఆయనకేం!

కానీ నాలుగో నెల వచ్చేసింది. సర్వేయరు గుండెలో రాయి పడింది. లెక్క తేలిపోతే రెండు మందుల్లో ఒకటే మిగులుతుంది. ఒకటే అయితే హద్దులెందుకు, పటమెందుకు? స్ప్రే మూత తగిలించుకుంటే తనే రాసుకోవచ్చని మందుల షాపతను అప్పటికే చెప్పాడు. అంటే స్టూలు తీసేస్తారు. ఫోను దిగొస్తుంది. సూదులు పెదవుల మధ్యకు వెళ్లిపోతాయి. ఆయన మా మెట్ల మీద కూర్చుని, ఏదో ఒకటి గెలుస్తుందేమోనని భయంగా ఉందని నాతో చెప్పాడు. నెత్తిన జుట్టు మొలుస్తుంటే దిగులు పడిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే.

లెక్క రోజు రానే వచ్చింది. అక్క వచ్చింది. బావమరిది వచ్చాడు. భూతద్దం చేతులు మారింది. నడినెత్తిన గీసిన చిన్న గడిలో ఎడమ వైపు ఎనభై మూడు. కుడి వైపు ఎనభై నాలుగు. వెంట్రుకవాసి తేడా అంటారే, అది!

బావమరిదికి అనుమానం వచ్చింది. తను పోయిన నెల వచ్చినప్పుడు సరదాగా తీసిన ఫోటో ఫోనులో వెతికాడు. అందులో సాయంత్రం వేళ స్టూలు మీద సర్వేయరు, వెనక ఆయన భార్య, ఆవిడ వేళ్ల నిండా నురగ. ఆ వేళ్లున్నది కుడి వాటాలో! అందరూ గోడ మీది పటం వైపు తిరిగారు. బాణం నేల చూస్తోంది. పటం తలకిందులుగా గుచ్చి ఉంది. రోజూ దానికి వీపు పెట్టి, తల వంచుకుని కూర్చునే సర్వేయరుకు అది కనపడే అవకాశమే లేకపోయింది.

అంటే పొద్దున నురగ పడిన వాటాకు సాయంత్రం చుక్కలు పడ్డాయి, చుక్కలు పడిన వాటాకు నురగ పడింది. నాలుగు నెలల పరిశోధన నురగలో కలిసింది. మా మందు కలవబట్టే మీ వైపు మొలిచిందని అక్కా బావమరిదీ ఒకరికొకరు చెప్పుకుని, ఎవరి గెలుపు వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. సర్వేయరు బాధ్యతంతా తన నెత్తినే వేసుకుని, పటం మీద 'ఇది పైవైపు' అని రాయకపోవడం తన తప్పేనన్నాడు. ఆ వెంటనే రీసర్వే ప్రకటించాడు. మళ్లీ నాలుగు నెలలు! ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిందంటే, మెషీన్ చూసి ఉంటే ఇంకో గది అవతలికి జరగమనేది.

మర్నాడు ఆదివారం. ఆవిడ ఎవరిదో చొక్కా కత్తిరిస్తోంది. ఎడమ ముక్క, కుడి ముక్క. గుడ్డను బోర్లా వేసింది, తిరగేసింది, అద్దంలో చూసినట్టు ఎదురుగా పరిచింది. ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఈయనకు ఎడమ భుజం అరంగుళం వాలుగా ఉంటుందని తనలో తాను అనుకుంటూ చాక్ గీత పెట్టింది. ఆ చొక్కా మనిషి మళ్లీ కొలతలిచ్చి అయిదేళ్లు దాటింది.

సర్వేయరు చేతిలో ఫోను పక్కన పెట్టాడు. ఎడమా కుడీ మరిచిపోయే టైలరు ఎక్కడైనా ఉంటుందా?

"పటం కావాలనే తిప్పావు కదూ?" అన్నాడు.

ఆవిడ కత్తెర ఆపింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"ఆరో వారంలోనే ఒక వైపు ముందు మొలవడం మొదలెట్టిందండీ. పందెం తేలిపోతే మీరు ఫోనుకీ నేను మిషనుకీ పోతాం. అందుకే తిప్పా."

"డాక్టరమ్మ మందు మానకూడదనే కదా చెప్పింది?"

"మందు మానకూడదంది. రాసేవాళ్లను మార్చకూడదని చెప్పలేదుగా."

సర్వేయరు స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. తర్వాత ఉండబట్టలేక, ఇంతకీ ముందు మొలిచింది ఏ వైపని అడిగాడు.

ఆవిడ దిండు మీంచి అయిదు సూదులు తీసి మళ్లీ పెదవుల మధ్య పెట్టుకుంది.

ఈ విషయం సైన్సుకు ఇప్పటికీ తెలియదు. రీసర్వే మాత్రం దివ్యంగా సాగుతోంది. నిన్న సాయంత్రం కింది నుంచి నవ్వులు వినిపించాయి. ఆవిడకు డ్రైవింగ్ స్కూలు ఫారం తెచ్చిచ్చాడట.

అందుకే అంటున్నాను, బట్టతల వరమని. ఇంత గట్టిగా ఎందుకు వాదిస్తున్నానంటారా? నా జుట్టు సంగతి మీకు చెప్పలేదు కదూ! నల్లగా, దట్టంగా, దువ్వెన విరిగేలా ఉంటుంది. మా ఆవిడ నా తల వైపు చూసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. చూడాల్సిన పనేముంది, అంతా సవ్యంగానే ఉందిగా! సాయంత్రమైతే మా ఇంట్లో రెండు ఫోన్లు, ఒకటే చార్జరు. ఇప్పటికి మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడుతున్నది ఆ చార్జరే.

మొన్న పొద్దున దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనిపించాయి. పరుగున వెళ్లి మా ఆవిడకు చూపించాను. ఫోన్ మీంచి తల ఎత్తకుండానే "దువ్వెన మార్చండి" అంది.

నేను మార్చలేదు. ఇవాళ ఆరు వచ్చాయి.