పోలికల ఆఫీసులో డూప్

లోకంలో ఎవడైనా తనలా తాను బతకడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఇంకొకడిలా నాలుగడుగులు వెయ్యాలంటే మాత్రం మూడు కౌంటర్లు దాటాలి. న్యాయమే మరి. ఎవడు పడితే వాడు ఎవడిలా పడితే అలా నడిచేస్తే, ఎవడెవడో తెలిసేదెలా?

అందుకే పోలికల ఆఫీసు పెట్టారు. పోయిన పెద్ద హీరో మీద సినిమా తీస్తున్నారు. ఆయన వేషం ఎవడు కట్టాలన్నా ఆ ఆఫీసు ముద్ర పడాల్సిందే.

ఆ పొద్దున క్యూలో నిలబడ్డవాడు డూప్. అంటే, పెద్ద హీరో మేడ మీంచి దూకాల్సినప్పుడల్లా ఆయన బదులు దూకినవాడు. ఇరవై ఏళ్లు దూకాడు. (ఆ ఇరవై ఏళ్లూ పెద్ద హీరోని కుర్చీలోంచి లేపడానికి ఇద్దరు కావాల్సొచ్చేది. అది వేరే సంగతి.) ఒకసారి ఎడమ చీలమండ విరిగింది. అతుక్కుంది గానీ, వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచీ కాలు కాస్త ఈడుస్తూ, భుజం ఎగరేస్తూ నడిచేవాడు. వెనకనుంచి తీసిన ఆ నడక చూసి జనం ఈలలేశారు. ఇక పెద్ద హీరో నడకంటే అదే అయి కూర్చుంది.

బయల్దేరేముందు పెళ్లాం అతని చొక్కా ముందు వైపు రెండుసార్లు ఇస్త్రీ చేసింది. వెనక వైపు ముట్టుకోలేదు.

"ఇరవై ఏళ్లుగా తెర మీద నీ వీపే చూశానయ్యా. అది మా ఆయనే అంటే మా అక్క పకపకా నవ్వింది. ఈ ఒక్కసారి మొహం చూపించు."

"చూపిస్తాలేవే. ఉందిగా మొహం."

మొదటి కౌంటర్లో ముక్కులు కొలిచే అమ్మ టేపు పెట్టి చూసింది. "గింజంత ఎక్కువుంది నాయనా."

"దూకినప్పుడు వాచిందమ్మా, తగ్గలేదు."

"వాపుకి వేరే ఫారం."

రాశాడు. రెండో కౌంటర్లో డైలాగు చెప్పమన్నారు.

"నేనెప్పుడూ మాట్లాడలేదండీ. పడేవాణ్ణి."

"అయితే పడు."

దబ్బున పడ్డాడు.

"పడటం దివ్యంగా ఉంది. ఫారంలో దానికి గడి లేదు. పై కౌంటరుకెళ్లు."

మూడో కౌంటర్లో నడక గుమాస్తా పాత సినిమా పెట్టాడు. తెర మీద డూప్ వీపు నడిచింది. గదిలో డూప్ నడిచాడు. గుమాస్తా పెదవి విరిచాడు.

"దగ్గరదాకా వచ్చావు గానీ, ఆయన ఠీవి వేరు. ఆయనది రాజు నడక. నువ్వు కుంటుతున్నావ్."

"బాబూ, ఆ వీపు నాదే."

"పొద్దున్నుంచీ ఆ మాటన్నవాళ్లలో నువ్వు ఏడోవాడివి." (అందులో ఒకడు ఆ సినిమా వచ్చేనాటికి పుట్టలేదు.)

"చీలమండ ఎక్స్‌రే తెచ్చాను, చూడండి."

గుమాస్తా దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో మొహం లేదుగా!"

అయినా జాలిగుండె ఆఫీసు అది, ఎవర్నీ ఉత్త చేతులతో పంపదు. ముద్ర కొట్టి ఓ కాగితం ఇచ్చారు.

ఇంటి గుమ్మంలోనే పెళ్లాం అడిగింది, "వచ్చిందా?"

"వచ్చిందే. సినిమాలో ఉన్నాను."

ఆవిడ కాగితం లాక్కుని పైకే చదివింది: 'పెద్ద హీరో వేషం కట్టే నటుడికి డూప్‌గా అనుమతి. మొహం కనపడరాదు. నడక ఇంకా సాధన చెయ్యాలి.'

మడత పెట్టి అతని జేబులోనే దోపింది.

"చొక్కా విప్పివ్వు," అంది. "వెనక వైపు ఇస్త్రీ చేస్తా."