దొంగలు లేని పెరడు

అరటిపళ్ళన్నీ ఒక్కలాగే ఉండాలి. కోళ్ళూ, కొబ్బరికాయలూ అంతే. వీలైతే మనుషులు కూడా ఒక్కలాగే ఉండాలన్నది నా సిద్ధాంతం.

ఊరికే అనడం లేదు. మొన్న అమలాపురంలో జన్యువైవిధ్యం మీద జరిగిన సదస్సుకి వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, చివరిదాకా విని మరీ అంటున్నాను. శ్రీరామచంద్రమూర్తి గారని ఒక శాస్త్రజ్ఞుడు మాట్లాడారు. పంటలో పది రకాలుంటే తెగులొచ్చినా కొన్ని పోయి కొన్ని నిలుస్తాయట. అన్నీ ఒకే రకమైతే అన్నీ కలిసే పోతాయట. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత వేదిక మీదివాళ్ళందరికీ ఒకే రంగు శాలువా కప్పారు. కింద కూర్చున్న మాకందరికీ ఒకే పొడుగు, ఒకే వంపు ఉన్న అరటిపండు తలా ఒకటి ఇచ్చారు. ఎవరూ పక్కవాడి పండు వంక చూడలేదు. ఇంత శాంతిని వైవిధ్యం ఇవ్వగలదా?

పూర్వం అరటిపళ్ళు కొనడమంటే ఎంత హింస! చక్రకేళా, అమృతపాణా, కర్పూరమా, బుషావళా? చంటిపిల్లకి ఒకటి, జ్వరం తగ్గినవాడికి ఒకటి, తాంబూలంలోకి ఇంకొకటి. ఒకటి బదులు ఇంకొకటి తెస్తే ఇంట్లో విచారణ. ఇప్పుడు "అరటిపళ్ళు" అంటే చాలు, కవర్లో పడతాయి. పచ్చగా ఉంటాయి, మచ్చ ఉండదు. రుచి కూడా కావాలంటే అది మీ దురాశ.

కోడినే చూడండి. నాటుకోడికి వ్యక్తిత్వం ఎక్కువ. ఒకటి గోడెక్కుతుంది, ఒకటి పిల్లల వెంటపడుతుంది, ఒకటి మనకంటే ముందు లేచి మనల్ని లేపుతుంది. బ్రాయిలర్ కోడి ఎవరినైనా పొడిచిందని విన్నారా? రొయ్యల చెరువులో అయితే ఇంకా గొప్ప. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. జబ్బు చేస్తే ఒక్క రొయ్య కూడా తోటివాళ్ళని వదిలి ఒంటరిగా బతకదు. ఆ ఐకమత్యం ఏ అపార్ట్‌మెంట్ సంఘంలో ఉంది?

మనుషుల విషయంలో మన కోనసీమవాళ్ళం సైన్సు కంటే ముందే ఉన్నాం. వంతెనలు లేని రోజుల్లో వైనతేయ పాయ దాటించి పిల్లనివ్వడం అరుదు. చూసి రావాలంటే రేవులో పడవ కోసం ఎవరు పడిగాపులు కాస్తారు? అందుకని అత్త కొడుక్కి మేనకోడలు, మేనకోడలి కొడుక్కి ఇంకో మేనకోడలు. మా బంధువుల పెళ్ళిలో అందరిదీ ఒకటే ముక్కు. ఫొటోగ్రాఫర్ తికమకపడి పెళ్ళికూతురి మేనమామని తీసుకెళ్ళి పెళ్ళికొడుకు తండ్రి పక్కన నిలబెట్టబోయాడు. తీరా చూస్తే ఇద్దరూ ఒకరే. కుటుంబాన్ని ఇంత పొదుపుగా నడిపినవాళ్ళు లోకంలో ఉన్నారా? వంతెనలొచ్చి ఈ ఏర్పాటు చెడిపోతుందని భయపడ్డాను గానీ, మ్యారేజ్ బ్యూరోలు ఆదుకున్నాయి. ఇప్పుడు నదులు దాటుతున్నారు, సముద్రాలు దాటుతున్నారు. అటువైపు కూడా మనవాళ్ళనే వెతుక్కుంటున్నారు.

ఇక నా పెరటి సంగతి చెబుతాను. సిద్ధాంతం చెప్పేవాడు ఆచరించి చూపాలి కదా!

మా ఇల్లు కొత్తపేట దగ్గర, కాలువగట్టున. నా భార్య కృష్ణవేణి ఉన్న రోజుల్లో పెరటికి కొబ్బరిమట్టల దడి ఉండేది. పెరడు నిండా దొంగలు ఉండేవారు. కారణం, మా వైపు ఆడవాళ్ళకి ఒక శాస్త్రం ఉంది. అడిగి తెచ్చిన మొక్క బతకదు, దొంగిలించి తెచ్చిన మొక్కే బతుకుతుంది. ఆ దొంగతనానికి మర్యాదలున్నాయి. ముందు మొక్కని పొగడాలి. అడగకూడదు. పొగడ్త విన్న ఇల్లాలు అన్నానికి వేళయిందని లోపలికి పోవాలి. తిరిగొచ్చేసరికి ఒక పిలక తగ్గి ఉండాలి. తగ్గకపోతే, మొక్క నచ్చలేదేమోనని ఆవిడ నొచ్చుకోవాలి.

ఈ ముఠాకి నాయకురాలు మా వెనకింటి మార్తమ్మ గారు, రిటైరైన నర్సు. మా కృష్ణవేణి ఆవిడ చిక్కుడు గింజలు కొట్టేసింది. ఆవిడ మా అరటిపిలక కొట్టేశారు. సాయంత్రాలు ఇద్దరూ దడికి చెరోవైపు నిలబడి, దొంగసొత్తు ఎలా ఎదుగుతోందో ఒకరికొకరు చెప్పుకునేవారు. శాంతిభద్రతలు అంత అధ్వాన్నంగా ఉండేవి.

ఆ అరటి కృష్ణవేణి రాజోలు దగ్గర పుట్టింటినుంచి తెచ్చుకుంది. తెచ్చుకోవడమంటే, కన్నతల్లి పెరట్లోనే దొంగిలించింది. పొట్టికాయలు, బూడిద పూసినట్టుండేవి. దానికో పేరు కూడా లేదు, "పుట్టింటి అరటి" అనేది. ఆ కాయతో ఆవపెట్టి కూర చేస్తే, నేను రెండోసారి అన్నం అడగనవసరం లేకుండా ముందే వడ్డించేది.

కృష్ణవేణి పోయాక ఇల్లు మరీ తెరిచిపెట్టినట్టుందని అందరూ అన్నారు. టిష్యూకల్చర్ మొక్కలమ్మే మా భీమరాజు అయితే ఊరుకోలేదు.

"గోడ కట్టించండి బావగారూ, కెమెరా పెట్టించండి. మొక్కలు నేను పంపుతాను. పదీ ఒకే ఎత్తు, ఒకే రోజు గెల" అన్నాడు.

"పది గెలలు ఒకేసారి దిగితే, ఒక్కణ్ణి, నేనేం చేసుకోనండి?"

"ఆయ్, అది మీరు చూసుకోవాలండి."

పునాది తవ్విన శనివారం నేను వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్ళాను. ఏడు శనివారాల మొక్కులో అది నాలుగోది. తిరిగొచ్చేసరికి మేస్త్రి పెరడంతా అద్దంలా చేసి పెట్టాడు. "మూలనున్న తుప్పంతా తీయించేసేనండి. మీకు శ్రమ లేకుండా" అన్నాడు. పుట్టింటి అరటి కాలువలో పారేశాడట. ఆ శ్రమ తప్పినందుకు అతనికి కాఫీ ఇచ్చాను.

గోడ లేచింది, కెమెరా కన్ను తెరిచింది, దొంగలు మాయమయ్యారు. గోడ అవతలనుంచి మార్తమ్మ గారు ఒక్కమాటే అన్నారు. "కెమెరా మా వైపుక్కూడా చూస్తందంట కదండీ అన్నయ్యగారూ. ఇంక పళ్ళు తోముకోడానిక్కూడా మంచి చీర కట్టుకుని రావాలండి." ఆ తర్వాత ఆవిడ గొంతు ఇటు వినబడలేదు. సాయంత్రాలు ఎంత నిశ్శబ్దంగా ఉండేవంటే, నా టీ నేను తాగుతున్న చప్పుడు నాకే వినబడేది. ప్రైవసీ అంటే అదే మరి!

భీమరాజు మొక్కలు పదీ పరేడ్‌లో పోలీసుల్లా పెరిగాయి. ఒకనాడు ఒకదాని ఆకు పసుపెక్కింది. కొద్ది రోజుల్లో పదీ పసుపెక్కి, పదీ వాలిపోయాయి. ఏ చెట్టూ పక్షపాతం చూపలేదు.

"ఇంకో పది పంపుతానండి బావగారూ."

"ఏ రకమండి?"

"ఇదేనండి."

అప్పుడు నేను పుట్టింటి అరటి కోసం వెతకడం మొదలుపెట్టాను. బెంగతో కాదు, కేవలం పరిశోధన కోసం. రావులపాలెం మార్కెట్లో కాయ గుర్తులు చెబితే నవ్వారు. నర్సరీలో పేరడిగితే "పుట్టింటి అరటి" అన్నాను. "ఎవరి పుట్టిల్లండి?" అన్నాడా కుర్రాడు. రాజోలు వెళ్ళాను. అత్తగారి పెరడున్న చోట రొయ్యల చెరువుంది. గట్టుమీద కాసేపు నిలబడి బస్సెక్కాను. ఒక రకం భూమ్మీదనుంచి పోవడమంటే పెద్ద చప్పుడేమీ ఉండదు. ఒక కూర మానేసినట్టుంటుంది, అంతే.

ఇంటికొచ్చి ఫోన్‌లో కెమెరా తెరిచాను. గోడ పైనుంచి మార్తమ్మ గారి పెరడు కొంచెం కనబడుతుంది. అంట్లు తోమే నీళ్ళు పారే చోట ఒక అరటిదుబ్బు. గెలకి పొట్టికాయలు, బూడిద పూసినట్టు. ఊళ్ళు తిరిగినంతసేపూ ఆవిడ కొట్టేసిన పిలక సంగతి నాకు తట్టనేలేదు. దొంగని పట్టుకోడానికే కదా కెమెరా పెట్టించింది? పట్టుకుంది!

మర్నాడు మధ్యాహ్నం వీధంతా చుట్టి వాళ్ళింటికి వెళ్ళాను. అడగడానికి నోరు రాలేదు. గోడ కట్టినవాడు ఏ మొహంతో అడుగుతాడు? పైగా అడిగితే బతకదాయె.

"అరటి బాగుందండి" అన్నాను.

మార్తమ్మ గారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"బాగానే ఉంటదండి. తెచ్చిన చోటు మంచిదండి" అన్నారు. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "అన్నానికి వేళయిపోయింది. ఈ గునపం ఇక్కడ ఎవరు పెట్టేరో ఏంటో" అంటూ లోపలికి వెళ్ళి, గడియ నాకు వినబడేలా వేసుకున్నారు.

కాలేజీ చదువు చదివాను గానీ, దొంగతనం నేర్చుకోలేదు. పెద్ద పిలక మొదట్లో గునపం దించబోయాను. కిటికీలోంచి దగ్గు వినబడింది. పక్కకి జరిగాను. ఇంకో దగ్గు. సన్నటి సూదిపిలక దగ్గర నిలబడ్డాను. దగ్గు తగ్గింది.

పిలక భుజాన వేసుకుని వెనక్కి తిరిగితే, ఎదురుగా నా గోడ. పాత దడికి సందుండేది. మళ్ళీ వీధంతా చుట్టి, కనబడినవాళ్ళందరికీ నమస్కారం పెట్టుకుంటూ ఇంటికొచ్చాను. పెరట్లో కాలు పెట్టగానే జేబులో ఫోన్ మోగింది. ఆవరణలో అపరిచిత వ్యక్తి ప్రవేశించాడట, ఫొటో కూడా పంపింది. బురద కాళ్ళు, భుజాన పిలక, మొహాన నవ్వు. నిజమే, ఆ మనిషిని నేనూ చూసి చాలా రోజులైంది.

నా సిద్ధాంతంలో మార్పు లేదు. అన్నీ ఒక్కలాగే ఉండాలి. చిన్న సవరణ మాత్రం చేస్తున్నాను. ప్రతి ఇంటికీ ఒక్క దొంగైనా ఉండాలి. మేస్త్రిని మళ్ళీ పిలిపించి గోడకి ఒక సందు పెట్టిస్తున్నాను, చీర కట్టుకున్న మనిషి వంగకుండా పట్టేంత.

పిలక కొత్త ఆకు వేసింది. వచ్చే ఏడాదికి తనూ పిలకలు పెడుతుంది. మధ్యాహ్నం భోజనం వేళ కెమెరా ఆపేస్తాను. మీలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను, నేను చాలా నెమ్మదిగా తింటాను.