దిమ్మె ఖాళీగా ఉండకూడదు

మ్యూజియంలోని అమెరికా రేసుకారు ఆ రోజు నుంచి తమ ఇంట్లోనే ఉండబోతోంది కాబట్టి, అసిరమ్మ పొద్దున్నే ముందుగదికి తడిగుడ్డ పెడుతోంది. ఆమె అత్త నూకాలమ్మ పడుకునే మంచాన్ని అప్పటికే వసారాలోకి లాగేశారు.

పూర్వం జమీందారు పందేల కోసం ఓడ మీద తెప్పించిన కారు అది. ఇప్పుడు మ్యూజియం హాలు కప్పులోంచి దాని మీద వాననీళ్లు పడుతున్నాయి. కప్పు బాగుచెయ్యాలంటే పైనుంచి అనుమతి రావాలి. కారును తరలించడానికి ఆ అవసరం లేదు. ఆవరణలో నీళ్లు పడని గది కాపలాదారు తవిటయ్యది ఒక్కటే. తవిటయ్య అసిరమ్మ మొగుడు.

అయితే ఏ వస్తువును తీసినా దాని దిమ్మె ఖాళీగా ఉండకూడదని నియమం. అంత వయసున్నదే మరొకటి అక్కడ పెట్టాలి. ఆవరణలో కారు ఈడుది నూకాలమ్మ ఒక్కతే. క్యూరేటర్ సుందరశివరావు టేపు తెచ్చి ఆమెను కొలుచుకున్నాడు.

"అత్తకి దగ్గు బాబూ. ఆ నీళ్ల కింద ఎలా కూకుంటాది?" అంది అసిరమ్మ.

"చూడమ్మా, తుప్పు పట్టేది ఇనుముకి. మనుషులకు పట్టినట్టు మా దగ్గర దాఖలా లేదు."

"పోనీ గొడుగైనా ఇయ్యండి."

"గొడుగు ఇంకో వస్తువు. దానికి వేరే దిమ్మె కావాలి."

నూకాలమ్మ చుట్ట ఆర్పింది. "ఆ కారు ఏ పందెం గెలిసింది బాబూ?"

"ఏదీ లేదు. పందెం రోజున కదల్లేదట."

"నానైతే ఏ రోజూ ఆగనేదు," అంది ముసలామె.

అసిరమ్మ తడిగుడ్డను బకెట్లోకి విసిరింది. మొగుడి వంక తిరిగింది. "నీ తల్లి గదా, నోరిప్పవేటి?"

తవిటయ్య యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు. "ఒప్పుకోపోతే కోటర్సు కాళీ సెయ్యమంటారే."

మధ్యాహ్నానికి కారు వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానునూ దానివైపు తిప్పారు. దిమ్మె దగ్గరి పలకను మాత్రం, కొత్తది రాయించేదాకా, మార్చనక్కర్లేదన్నారు. 'అమెరికాలో తయారైనది. తాకరాదు' అని ఉంది దాని మీద.

"తాకకూడదంటే మరి అన్నం ఎవులు పెడతారు?" అంది అసిరమ్మ.

"ఎవరూ తాకకుండా చూడ్డానికే కదమ్మా మీ ఆయన ఉన్నది," అన్నాడు సుందరశివరావు.

నూకాలమ్మ లోపలికి వచ్చి దండెం మీది ఇంకో చీర తీసుకుంది. కొడుకు వంక చూడలేదు. కారుకూ గోడకూ మధ్య మిగిలిన సందులోంచి, దాని రంగుకు తన ఒళ్లు తగలకుండా జాగ్రత్తగా పక్కకు తిరిగి నడిచి, గడప దాటి హాలు వైపు వెళ్లిపోయింది.