డ్రాఫ్టుగారి తొలి సంతకం

ఆ ఆదివారం ఉదయం డ్రాఫ్టుగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పడగ్గదిలోని తన కంప్యూటర్‌లో ఉన్న కరపత్రాన్ని, హాల్లో భార్య కంప్యూటర్ పక్కనున్న ప్రింటర్ మీద ఇరవై నాలుగు కాపీలు తీయాలి. భవనంలోని ఇరవై నాలుగు ఇళ్ల తలుపుల కిందా తలొకటి తోయాలి. పదకొండింటికి జరిగే సంఘం ఎన్నికల్లో కార్యదర్శిగా గెలవాలి. మధ్యలో వీలు చూసుకుని స్నానం చేయాలి.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లుగా ఉత్తరాలు రాసేది ఆయన, కింద సంతకం పెట్టేది ఇంకొకరు. అందుకే ఆయనకు డ్రాఫ్టుగారన్న పేరు స్థిరపడిపోయింది. ఇన్నేళ్లలో ఆయన కోరుకున్నదల్లా ఒక్కటే: తను రాసిన కాగితం కింద తన సంతకం పడాలి. సంఘం కార్యదర్శికి జీతం లేదు, కారు లేదు, కానీ నోటీసుల కింద సంతకం ఉంది. పాత డైరీల్లో సాధన చేసి చేసి, ఆ సంతకం చివర సాగే గీతను ఆయన ఈమధ్యే ఒక కొలిక్కి తెచ్చారు.

ప్రత్యర్థి పక్కింటి పళ్ల డాక్టరు. రెండేళ్లుగా ఆయనే కార్యదర్శి. ఆ రెండేళ్లూ ఆయన ఇంటి ఇంటర్నెట్‌ను ఎవరో దొంగతనంగా వాడుకుంటున్నారు. ప్రతి మీటింగులోనూ ఆయన తన గోడు వెళ్లబోసుకోవడం, అందరూ అయ్యో అనడం మామూలైపోయింది. అందరికన్నా గట్టిగా అయ్యో అనేది డ్రాఫ్టుగారే. ఇప్పుడు కరపత్రమంతా దాని మీదే నడిపించారు. 'సొంత ఇంటి దొంగను పట్టలేనివారు భవనాన్నేం కాపాడతారు? నన్ను గెలిపిస్తే వారం తిరక్కుండా దొంగను పట్టి, వాడి చేత నెల రోజులు మెట్లు ఊడిపిస్తాను. భవనమంతా వైర్‌లెస్ చేస్తాను.' ఈ ముక్క రాసి కుర్చీలో వెనక్కి వాలి, తన రాతకు తనే ముచ్చటపడ్డారు.

ప్రింట్ నొక్కారు. ప్రింటరేదీ కనబడటం లేదని కంప్యూటర్ చెప్పింది.

"ఎప్పట్లాగే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తెచ్చెయ్యండి," అంది హాల్లోంచి భార్య. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని పన్నెండు మందికి కుట్టుపని క్లాసు చెబుతోంది.

"భవనమంతా వైర్‌లెస్ చేస్తానని రాసినవాణ్ణి, పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగమంటావా? నలుగురూ నవ్వరూ?"

"మన హాల్లో నలుగురెక్కడున్నారు?"

డ్రాఫ్టుగారు బావమరిదికి ఫోన్ చేశారు. ఆ ఇంట్లో ఇంటర్నెట్ పెట్టింది అతనే. కంప్యూటర్ల దుకాణంలో పని, అన్నిటికీ సమాధానం ఉన్న మనిషి.

"రెండిటికీ ఇంటర్నెట్ వస్తోందా బావగారూ?"

"భేషుగ్గా వస్తోంది. కానీ ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు."

"రెండూ ఒకే వైర్‌లెస్‌లో ఉన్నాయా? పేరేం చూపిస్తోంది?"

డ్రాఫ్టుగారు పడగ్గదిలో చూసి 'ఇల్లు' అన్నారు. హాల్లోకి పరిగెత్తి చూసి, వగరుస్తూ మళ్లీ 'ఇల్లు' అన్నారు.

"అయితే ఒకటే. రౌటర్ ఆపి మళ్లీ వెయ్యండి, దారికొస్తాయి."

ఆయన హాల్లోని రౌటర్ స్విచ్ కట్టేశారు. భార్య కెవ్వుమంది.

"చెయ్యి కత్తిరించడం చెబుతున్నానండీ! ఎక్కడ ఆపాలో చెప్పేలోపు కట్టేశారు! పన్నెండు మంది కత్తెరలు పట్టుకుని ఉన్నారక్కడ!"

పడగ్గదిలో మాత్రం ఇంటర్నెట్ చెక్కుచెదరలేదు. "చూశావా, రౌటర్ ఆపేసినా నా కంప్యూటర్ ఆగలేదు. ఎంత గట్టి కనెక్షనో!" అని ఆయన మురిసిపోయారు. ఈ సంగతి బావమరిదికి చెప్పి ఉంటే కథ ఇక్కడితో ముగిసేది. కానీ గొప్పగా ఉన్నదాని గురించి ఎవరు ఫిర్యాదు చేస్తారు?

రౌటర్ మళ్లీ వెలిగేసరికి పన్నెండు మందిలో ఒకావిడ గుడ్డను భుజం దాకా కత్తిరించేసిందని తేలింది. భార్య ఆవిణ్ణి ఓదారుస్తుండగా, బావమరిది చెప్పినట్టల్లా డ్రాఫ్టుగారు తన కంప్యూటర్‌లోని రక్షణలన్నీ ఒక్కొక్కటే తీసేసి, చుట్టుపక్కల ఉన్న ప్రింటర్లన్నిటినీ వెతకమని కంప్యూటర్‌ను ఆదేశించారు. ఉన్నట్టుండి ఒక ప్రింటర్ పేరు ప్రత్యక్షమైంది. అదే కంపెనీ, అదే మోడల్. ఆయన ఆనందానికి హద్దుల్లేవు. ఇరవై నాలుగు అని కొట్టి ప్రింట్ నొక్కారు. హాల్లో ఉలుకూ పలుకూ లేదు.

"మళ్లీ నొక్కండి బావగారూ."

మళ్లీ నొక్కారు. ప్రింటర్‌ను ఆపి, వేసి, మూడోసారి నొక్కారు. దాని మూత తెరిచి లోపల చెయ్యిపెట్టి, ఎన్నికల కోసం ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కాకు సిరా పూసుకుని, నాలుగోసారి నొక్కారు.

"వెళ్లిపోయింది అంటోందోయ్! వెళ్తే ఇక్కడికి రావాలిగా?"

"వైర్‌లెస్ కదా బావగారూ, గాల్లో ఉండుంటుంది. కాసేపట్లో దిగుతుంది."

గోడవతల నుంచి గర్రుగర్రుమని ఆగకుండా చప్పుడు వస్తోంది. "ఆదివారం పూట కూడా ఎవరి పళ్లు అరగదీస్తున్నాడో మహానుభావుడు," అని డ్రాఫ్టుగారు విసుక్కున్నారు.

పదిన్నరకు తలుపు తట్టిన చప్పుడైంది. ఎదురుగా పళ్ల డాక్టరు, రెండు చేతుల నిండా కాగితాలతో.

"కరపత్రం చాలా బాగుందండీ," అన్నాడాయన నెమ్మదిగా. "కానీ నాకున్నది ఒక్క ఓటు. దానికి తొంభై ఆరు కాపీలా? పైగా నా ప్రింటర్ మీదే?"

డ్రాఫ్టుగారు ఆ కాగితాలకేసి, తన ప్రింటర్‌కేసి మార్చి మార్చి చూశారు. భార్యకు మాత్రం విషయం చప్పున వెలిగింది. ఫోన్ అందుకుని, స్పీకర్ పెట్టి తమ్ముణ్ణి నిలదీసింది. "ఒరేయ్, డాక్టరుగారింట్లో కూడా నువ్వే పెట్టావు కదూ?"

"అవునక్కా. ఎలాగూ వచ్చావు, పక్కింట్లో కూడా పెట్టెయ్ అని బావగారే పంపారుగా. గుర్తుపెట్టుకోవడం తేలికని రెండిళ్లకీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్ పెట్టా." అంతలో అతనికే తట్టింది. "అయ్యబాబోయ్! ఆయన రౌటర్ మీ పడగ్గది గోడకి అవతలే ఉంది కదూ? దగ్గరగా ఉందని బావగారి కంప్యూటర్ దాన్నే పట్టుకున్నట్టుంది!"

"అంటే రెండేళ్లుగా రోజూ సాయంత్రం నా ఇంటర్నెట్‌లో సినిమాలు చూస్తున్నది..." అన్నాడు డాక్టరు.

"ఈయనే," అంది భార్య, క్షణం తడుముకోకుండా.

డ్రాఫ్టుగారు కుర్చీలో కూలబడ్డారు. ఇన్నేళ్ల ఆశ కళ్లముందే నీరుగారిపోతోంది. ఎవరికీ చెప్పొద్దని డాక్టరు చేతులు పట్టుకుందామా అనిపించింది. కానీ ఆ చేతుల్లో కాగితాలున్నాయి, ప్రతి కాగితం మీదా దొంగను వదలనని తన మాటే ఉంది. ఆయనకు నిజంగా సిగ్గేసింది. డాక్టరు మాత్రం పన్ను పీకే ముందు అనే ధోరణిలో, "ఏం కాదు, రండి, టైమైంది," అన్నాడు.

మీటింగులో డ్రాఫ్టుగారు సిరా చొక్కాతోనే లేచి నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి డ్రాఫ్టు లేకుండా మాట్లాడారు.

"దొంగ దొరికాడండీ. నేనే."

జరిగిందంతా ఆయన పూసగుచ్చినట్టు చెప్పారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వులు సద్దుమణిగాక డాక్టరు లేచాడు.

"రెండేళ్లలో నేను పట్టలేని దొంగని ఈయన ఒక్క పూటలో పట్టారు. సొంతమనిషని కూడా చూడకుండా బయటపెట్టారు. నేను తప్పుకుంటున్నా, నా ఓటు ఈయనకే." అలా అంటున్నప్పుడు ఆయన మొహంలో, రెండేళ్ల తలనొప్పి వదిలిన వెలుగు కూడా కనిపించింది.

చేతులన్నీ లేచాయి. అందరికన్నా ఎత్తుగా లేచింది భార్య చెయ్యి. డ్రాఫ్టుగారి కళ్లు చెమర్చాయి.

"మరి మెట్ల సంగతో?" అని ఎవరో గుర్తుచేశారు.

డాక్టరు నోటీసు పుస్తకం, పెన్ను ఆయన ముందుకు జరిపాడు. దొంగ పేరు, నేరం, నెల రోజుల శిక్ష అన్నీ డ్రాఫ్టుగారే రాశారు, ఒక్క కొట్టివేత లేకుండా. కింద సంతకం పెట్టారు. చివరి గీత అనుకున్నట్టే వంపు తిరిగి, కాగితం అంచు దాకా సాగింది.

ఆ నెల రోజులూ మెట్లు ఊడ్చిన తీరు మీద అభిప్రాయభేదాలున్నాయి గానీ, ఆ నోటీసు తగిలించిన బోర్డు అద్దం మాత్రం ఎవరూ చెప్పకుండానే రోజూ తళతళా మెరిసింది.